తొమ్మిదో నంబరు జెర్సీకి గంజి

ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్ళు గ్రౌండుకి వెళ్ళి ఆట చూస్తారు. మన లాండ్రీ ఆయనకి ఆ యోగం లేదు. ఆదివారం వచ్చిందంటే చాలు, ఊళ్ళో మురికంతా ఆయన దుకాణం మీదే పడుతుంది. అందుకని ఆయన ఆటని సోమవారం పొద్దున చూసేవాడు, కోచ్ తెచ్చి పడేసిన జెర్సీల మూట విప్పి, తొట్టి పక్కన కూర్చుని.

పదకొండేళ్ళుగా ఊరి టీము జెర్సీలు ఆయనే ఉతుకుతున్నాడు. ఎవడెలా ఆడాడో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. గోలీ జెర్సీ నిలువెల్లా ఎర్రమట్టి. పాపం, బంతులన్నీ అతని మీదికే! గోలు ముందు అడ్డుకునే బ్యాకుల మోచేతులకి గడ్డి మరకలు. ఇక గోల్సు కొట్టాల్సిన తొమ్మిదో నంబరువాడి జెర్సీ ఉందే, దాని ఇస్త్రీ మడత కూడా చెక్కుచెదరదు.

"ఆడటానికి వెళ్ళాడా, ఫొటో దిగడానికి వెళ్ళాడా వీడు?"

"ఓడితే వాళ్ళు ఓడారు, మధ్యలో మీదేం పోయిందండీ?" అంది ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి భార్య.

పోయేదే ఉంది. మిగిలిన రెండు మ్యాచుల్లో ఒక్కటైనా గెలవకపోతే టీము లీగులోంచి అవుట్, క్లబ్బుకి తాళం. సోమవారం మూట ఇక రాదు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయనకి తిండి సయించడం లేదు.

ఆ కడుపుమంటలోనే ఓ చిలిపి పని చేశాడు. తొమ్మిదో జెర్సీని ఉతక్కుండానే మడిచి, "మురికి కనబడలేదు" అని చీటీ గుచ్చి పంపాడు.

సాయంత్రానికల్లా తొమ్మిదోవాడు కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "ఏంటి బాబాయ్, నా పరువు తీశావు! టీమంతా పగలబడి నవ్వారు."

"నవ్వరూ మరి? కాస్త చెమటైనా పట్టించు నాయనా, సబ్బు పెడతాను."

పై సోమవారం వార్త మామూలే, టీము ఓడింది. కానీ తొమ్మిదో జెర్సీకి మట్టే మట్టి! "చూశారా, మీ మాట తగిలింది" అని భార్య మురిసిపోయింది. లాండ్రీ ఆయన ఆ మట్టిని గోటితో గీకి చూశాడు. గ్రౌండుది ఎర్రమట్టి. ఇది నల్లది, అక్కడి కొళాయి పక్కది.

"ఓరి వీడి తెలివి తెల్లారా! ఆటయ్యాక కొళాయి దగ్గర పొర్లి వచ్చాడే!"

పకపకా నవ్వాడు. నవ్వు ఆగాక బెంగ పట్టుకుంది. ఇక ఒక్క మ్యాచే ఉంది.

అప్పుడు తట్టింది గంజి సంగతి. క్లబ్బువన్నీ పాతకాలపు నూలు జెర్సీలు, ఎంత గంజి పోసినా తాగుతాయి. మిగతా పదీ మెత్తగా ఇస్త్రీ చేసి, తొమ్మిదోదానికి మాత్రం రెండుసార్లు గంజి పట్టించాడు. మెడపట్టీకి మూడోసారి కూడా. ఆరాక నేలమీద పెడితే అది తనంతట తనే నిలబడింది.

"ఇదేం పాడుబుద్ధండీ! వాడి ఒళ్ళు చీరుకుపోదూ?"

"నిలబడితే గుచ్చుకుంటుంది. పరిగెత్తి చెమట పట్టిస్తే మెత్తబడుతుంది. ఏది కావాలో వాడే తేల్చుకుంటాడు."

ఆదివారమంతా ఆయన చేతులు దుప్పట్లు పిండాయి, చెవులు గ్రౌండు వైపే ఉన్నాయి. తీరా ఎవరైనా ఆట సంగతి ఎత్తబోతే భయమేసి, "నోర్ముయ్" అని కసిరి తరిమేశాడు.

సోమవారం మూట కోచ్ తేలేదు. తొమ్మిదోవాడే తెచ్చి బల్లమీద పడేశాడు. వాడి మెడ చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంది. లాండ్రీ ఆయన ఏమైందని అడిగే ధైర్యం చాలక మూట విప్పాడు.

గోలీ జెర్సీ దాదాపు శుభ్రంగా ఉంది. పదకొండేళ్ళలో మొదటిసారి! తొమ్మిదోది తీశాడు. ముందువైపంతా ఎర్రమట్టి, ఒక భుజం చిరుగు. తిప్పాడు. వీపు నిండా మట్టి చేతుల ముద్రలు, ఒకదాని మీద ఒకటి, పదిమందీ చరిచినవి. ఓడినవాణ్ణి ఎవరూ అలా చరచరు. ఆయనకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ జెర్సీతోనే తుడుచుకుని మొహమంతా మట్టి చేసుకున్నాడు.

"ఇలా ఇవ్వండి, నానబెడతాను" అని భార్య చెయ్యి చాపింది.

"ముట్టుకున్నావంటే ఊరుకోను! దీన్ని ఉతకను."

తొమ్మిదోవాడు మెడ గోక్కుంటూ గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "వచ్చే సీజనుకి గంజి కాస్త తగ్గించు బాబాయ్."

"ముందు నువ్వు పరిగెత్తు, తర్వాత చూద్దాం" అన్నాడు లాండ్రీ ఆయన.