పార్కింగ్ గురించి మాత్రమే

ఆ ఉత్తరం రాసేటప్పుడు నా మనసులో మా ఆయన క్లైవ్ తప్ప ఇంకెవరూ లేరు. ఈ మాట మా అమ్మాయి హేలీకి ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను. మొదటిసారి చెప్పినప్పుడు నాకు పూర్తి నమ్మకం ఉంది. నాలుగోసారికి అంత లేదు.

మా వీధి చివర కార్మికుల క్లబ్బు ఉండేది. అది మూతపడి రెండేళ్లయింది. ఈ మధ్య ఏదో బెంగాలీ ముస్లింల ట్రస్టు వాళ్లు దాన్ని కొని, పిల్లలకు పాఠాలు, ఆడవాళ్లకు కుట్టుపని, శుక్రవారం ప్రార్థన జరిగే హాలుగా మార్చుకుంటామని ఊరి పాలన చూసే కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టారు. అభ్యంతరాలుంటే రాయమని వీధిదీపాల స్తంభాలకు నోటీసులు కట్టారు. ఆ వారమే ముప్ఫై ఒకటో నంబరు ఇంటి బారీ మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

"ఏమ్మా జానిస్, ఉత్తరం రాశావా?"

"దేని గురించి?"

"పార్కింగ్ గురించి. పార్కింగ్, ట్రాఫిక్, చప్పుడు. ఈ మూడే రాయాలి. వాళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క రాయకు. రాస్తే మన కాగితం పక్కన పడేస్తారు."

"వాళ్ల గురించి నేనేం రాస్తాను?"

"అదే నేనూ చెప్తున్నా, రాయొద్దని."

బారీ చెడ్డవాడు కాదు. క్లైవ్ ఆసుపత్రిలో ఉన్న మూడు వారాలూ మా చెత్తడబ్బాలు బయటికి లాగి పెట్టింది అతనే. రోజూ పొద్దున పేపరు కొనే షాపు హనీఫ్ భుజం తట్టి నవ్వుతాడు. అదేమిటి మరి అంటే, "హనీఫ్ వేరు, హనీఫ్ మనవాడు," అంటాడు. రెండు కప్పుల టీ తాగి, కౌన్సిల్ చిరునామా చీటీ మీద రాసిచ్చి వెళ్లాడు.

నేను పదహారేళ్లకే చదువు ఆపేసి బడి వంటశాలలో చేరినదాన్ని. ఉత్తరాలు రాయడం నాకు చేతకాదు. కానీ ఆ సాయంత్రం కూర్చుని రాశాను. నాలుగేళ్ల కిందట ఒక శనివారం మధ్యాహ్నం క్లైవ్ గుండె పట్టుకుని వంటింట్లో పడిపోయాడు. వీధికి రెండు వైపులా కార్లు. అంబులెన్స్ వీధి మొదట్లోనే ఇరుక్కుంది. మనిషి నీలంగా మారుతుంటే గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. పదకొండు నిమిషాలు. అది రాశాను. మళ్లీ అలా జరిగితే మా ఆయన బతకడని రాశాను. హాలుకి అనుమతి ఇవ్వవద్దని రాశాను. కింద పేరు, ఇంటి నంబరు రాసి పోస్టులో వేశాను.

గురువారం హేలీ ఫోన్ చేసింది. "హలో" కూడా అనలేదు.

"అమ్మా, కౌన్సిల్‌కి ఏమైనా రాశావా?"

దాని గొంతు అలా వినిపించినప్పుడల్లా నేను ముందు యాక్సిడెంట్ అనుకుంటాను.

"రాశాను. పార్కింగ్ గురించి. నీకెలా తెలుసు?"

"ఆ ఉత్తరాలన్నీ కౌన్సిల్ వాళ్లు ఇంటర్నెట్‌లో పెడతారమ్మా. పేరుతో, చిరునామాతో సహా. ఎవరైనా చదువుకోవచ్చు. తౌఫీక్ వాళ్లమ్మ చదివింది."

"ఆవిడెందుకు చదువుతుంది?"

"ఆ ట్రస్టుకి కార్యదర్శి ఆవిడే కాబట్టి."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. తౌఫీక్, హేలీ కలిసి ఉండబట్టి రెండేళ్లు. అక్టోబరులో పెళ్లి. వాళ్లమ్మ ఎక్కడో కుట్టుపని నేర్పుతుందని మాత్రం విన్నాను. ఆదివారం ఆవిడ మా ఇంటికి మొదటిసారి టీకి రావాలి. నేను అప్పటికే ఆవిడ కోసం కొత్త గిన్నెలు కొన్నాను. కేకు, జెల్లీ, క్రీము పొరలుగా వేసే ట్రైఫిల్ చేద్దామనుకుని, జెల్లీ పొట్లం మీద చిన్నక్షరాలు చదివి, అందులో జంతువుల ఎముకల సారం ఉందని, వాళ్లు తినరని తెలిసి పారేశాను. ఇంత జాగ్రత్తపడ్డ నేను ఆవిడకు వ్యతిరేకంగా ఉత్తరం రాసి, కింద సంతకం పెట్టాను.

"హేలీ, ఒట్టు. మీ నాన్న గురించే రాశాను. వాళ్ల గురించి ఒక్క మాట లేదు అందులో."

"ఎవ్వరి ఉత్తరంలోనూ లేదమ్మా. అరవై మూడు ఉత్తరాలు వచ్చాయి. అన్నీ పార్కింగ్ గురించే."

"నాది నిజం పార్కింగ్."

అది మెల్లగా అడిగింది. "నాన్న పడిపోయిన రోజు ఆ కార్లు ఎవరివి?"

"క్లబ్బుకొచ్చినవాళ్లవి. గోడ బోర్డు మీద చిన్న బాణాలు విసిరే డార్ట్స్ పోటీ ఫైనల్ ఆ రోజు."

"మరి అప్పుడు ఉత్తరం ఎందుకు రాయలేదు?"

క్లబ్బు ఆ తర్వాత ఇంకా రెండేళ్లు నడిచింది. ప్రతి శనివారం కార్లు అలాగే పెట్టారు. ప్రతి శనివారం నేను కిటికీలోంచి చూసి భయపడ్డాను. ఒక్క ముక్క రాయలేదు. వాళ్లు తెలిసినవాళ్లు, తలుపు తట్టి కారు జరపమంటే జరుపుతారు అనుకున్నానేమో. కానీ ఒక్కసారైనా తట్టలేదు కదా.

ఫోన్ పెట్టేశాక క్లైవ్‌ని అడిగాను. "నేను అలాంటిదాన్నా?"

"ఎలాంటిదానివి?"

"ఏమో. బయటివాళ్లంటే పడనిదాన్ని."

"నీకు అందరన్నా భయమే కదా జానిస్. పోస్టుమాన్ అన్నా భయమే," అన్నాడు టీవీ మీంచి కళ్లు తీయకుండా.

ఆ మాట నాకు ధైర్యమో, తిట్టో తెలియలేదు. మూడు రోజులూ ఒకటే ఆలోచన. ఉత్తరం వెనక్కి తీసుకుంటే రేపు క్లైవ్ ఆ గచ్చు మీదే పోతాడు. తీసుకోకపోతే ఈ పెళ్లి ఆగిపోతుంది, ఆగకపోయినా నా కూతురు నా గడప తొక్కదు, రేపు పుట్టే మనవలకి నేను ఉత్తరం రాసిన ముసల్దాన్నవుతాను.

ఆదివారం మూడింటికి తౌఫీక్, హేలీలతో కలిసి తౌఫీక్ వాళ్లమ్మ మిసెస్ చౌధురి వచ్చింది. పొట్టిగా, కోటు మెడదాకా బిగించుకుని, చేతిలో కేకు డబ్బాతో. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్న మనిషి. మాట అచ్చం మా మాటే, నాకన్నా మా ఊరి యాస ఎక్కువ. కేకు తనే చేసిందట. మధ్యలో జాము, పైన చక్కెర పొడి. నేను చేసే దానికన్నా బాగుంది. అది కూడా నాకు కాస్త కష్టంగానే అనిపించింది.

టీ పోశాను. వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. బస్సుల గురించి మాట్లాడుకున్నాం. ఉత్తరం ఊసు ఎవరూ ఎత్తలేదు. హేలీ నన్నే చూస్తోంది. చివరికి మిసెస్ చౌధురి సంచిలోంచి ఒక ఫైలు తీసింది. అరవై మూడు ఉత్తరాలూ అచ్చు వేయించి పెట్టుకుంది. నాది పైన ఉంది. దాని మీద పసుపు రంగు గీత.

"జానిస్ గారూ, ఇవన్నీ రెండేసి సార్లు చదివాను," అంది. "అందరూ పార్కింగ్ అన్నారు. నిమిషాలు రాసింది మీరొక్కరే."

"నాది నిజమండీ," అన్నాను. "అది మాత్రం నిజం. మిగతాది నాకు తెలియదు. క్లబ్బు ఉన్నప్పుడు నేను రాయలేదు. హేలీ అడిగింది ఎందుకని. నాకు తెలియడం లేదు."

హేలీ తల దించుకుంది. తౌఫీక్ కేకు ముక్కలోంచి జారిన జాము సర్దడం మొదలుపెట్టాడు. ఇక మిసెస్ చౌధురి లేచి, కోటు వేసుకుని వెళ్లిపోతుంది అనుకున్నాను. ఆవిడ కప్పులో చెంచా తిప్పింది.

"ఎనిమిదేళ్ల కిందట మా వీధిలో రొమేనియా పనివాళ్లకి హాస్టల్ పెడతామన్నారు," అంది. "మా ఆయన, నేను కూర్చుని కౌన్సిల్‌కి రాశాం."

"అమ్మా?" అన్నాడు తౌఫీక్.

"నువ్వు కాలేజీలో ఉన్నావులే. నీకు చెప్పలేదు."

"ఏమని రాశారు?" అన్నాను.

"చెత్తడబ్బాల గురించి."

క్లైవ్‌కి నవ్వు ఆగలేదు. టీ ముక్కులోకి పోయి దగ్గు పట్టుకుంది. నేను పరుగెత్తి వీపు నిమిరాను, ఎక్కడ గుండెకి వస్తుందోనని. మిసెస్ చౌధురి నవ్వలేదు.

"అంతమందికి డబ్బాలు సరిపోవని రాశాం. సరిపోవనే ఇప్పటికీ అనుకుంటున్నా," అంది. "హాస్టల్ రాలేదు. అక్కడ ఇప్పుడు పిచ్చిమొక్కలు మొలిచాయి. ఆ దారిన పోయినప్పుడల్లా, అది డబ్బాల గురించేనా అని అనుకుంటాను. ఏమో. తేలలేదు."

ఆవిడ నన్ను క్షమించిందో, నాతో కలిపి తననీ తిట్టుకుందో అర్థం కాలేదు.

"మీ ఉత్తరం వెనక్కి తీసుకోకండి," అంది ఆవిడ లేస్తూ. "అంబులెన్స్‌కి ఎంత చోటు కావాలి?"

"తొమ్మిది అడుగులైనా ఉండాలన్నాడు ఆ రోజు డ్రైవరు."

ఆవిడ సంచిలోంచి కుట్టుపని టేపు తీసింది. ఇద్దరం కోట్లు వేసుకుని వీధిలోకి వెళ్లాం. టేపు పొడుగు అయిదడుగులే. ఒక కొసని నేను అక్కడున్న ఒక ఎర్రకారు పక్కన పట్టుకుంటే, ఆవిడ రోడ్డు మీద వంగి కుట్టుపని సుద్దతో గీత గీసి, మళ్లీ అక్కణ్నుంచి కొలిచింది. అటూ ఇటూ కార్లు ఉంటే ఎనిమిది అడుగుల రెండంగుళాలు. ఒకవైపే ఉంటే కావలసినంత చోటు.

"హాలు ఉన్న రోజుల్లో ఒకవైపే పెట్టమని చెప్తాను. మీ ఇంటి ముందు ఎప్పుడూ ఖాళీగా ఉండేలా గీత కొట్టించమని కౌన్సిల్‌ని అడుగుతాను," అంది. "మావాళ్లు వింటారని మాటివ్వలేను. కొందరు నా మాటా వినరు."

"మావాళ్లూ అంతే," అన్నాను.

"ఆ రోజు అంబులెన్స్‌కి అడ్డం వచ్చింది ఎవరి బండి?" అని అడిగింది ఆవిడ.

ముప్ఫై ఒకటో నంబరు తలుపు తెరుచుకుంది. బారీ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బయటికి వచ్చాడు. ఆ రోజు క్లబ్బులోంచి చేతిలో బీరు గ్లాసుతో పరుగెత్తుకొచ్చి, ఏడుస్తూ తన వ్యాను వెనక్కి తీశాడు. ఆ సంగతి నేను ఎప్పుడూ, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. మిసెస్ చౌధురి మాత్రం నా చూపు ఎటు వెళ్లిందో చూసింది.

"ఏమ్మా జానిస్, ఏం కొలుస్తున్నారు?" అన్నాడు బారీ.

"పార్కింగ్, బారీ."

అతను ఆవిడని చూశాడు, టేపుని చూశాడు, నన్ను చూశాడు. "మంచిది," అన్నాడు. ఆవిడకి టోపీ తాకి మర్యాదగా పలకరించాడు కూడా. లోపలికి వెళ్లి కర్టెన్ పక్కన నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే రెండో ఉత్తరం రాసి, హేలీ చేత కంప్యూటర్లో పంపించాను. మొదటి ఉత్తరంలోని పదకొండు నిమిషాలు నిజమని, అప్పుడు రాయనిది ఇప్పుడెందుకు రాశానో నాకు తెలియదని, వీధిలో ఒకవైపే కార్లు పెడితే సరిపోతుందని, ఇంటి ముందు గీత కావాలని రాశాను. హేలీ ఒక్క అక్షరం దిద్దలేదు. వెళ్లేటప్పుడు నన్ను గట్టిగా పట్టుకుంది. అది మంచికో చెడ్డకో.

సోమవారం కౌన్సిల్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

"మీ రెండో ఉత్తరం అందిందండీ. ఇది వ్యతిరేకమా, మద్దతా?"

"రెండూ అండీ."

"అలా కుదరదండీ. ఏదో ఒక గడిలో వేయాలి. బుధవారం కమిటీ కూర్చుంటుంది."

కిటికీలోంచి చూశాను. వీధికి రెండు వైపులా కార్లు. అన్నీ మా వీధివాళ్లవే. ఒకటి మాది.

"మద్దతు," అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చీ రాకముందే భయం పట్టుకుంది. "కావాలంటే మళ్లీ మార్చుకోవచ్చా?"

"బుధవారం మధ్యాహ్నం పన్నెండు దాకా మార్చుకోవచ్చండీ."

ఫోన్ పెట్టేసి క్లైవ్‌కి కోటు ఇచ్చి, మా కారుని వీధి ఎదుటి వైపు ఖాళీలోకి జరపమన్నాను. వంటింటి క్యాలెండర్ మీద బుధవారం గడిలో 'పన్నెండు' అని రాసుకున్నాను. ఎందుకో మాత్రం రాయలేదు.