తెల్లపలక మీద అంకెలు

చోడవరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రోజా, సంధ్యారాణి నాలుగేళ్లుగా నర్సులు. రోజాది రోలుగుంట, సంధ్యారాణిది కె.కోటపాడు. గల్ఫ్‌లో ఉద్యోగానికి కావలసిన నర్సింగ్ లైసెన్సు పరీక్షకి ఇద్దరూ కలిసే చదివారు. చదువులో రోజాదే పైచేయి. సంధ్యారాణికి అంకెలంటే హడలు. రక్తంలో ఏది ఎంత ఉండాలో పదిసార్లు వల్లించినా, సోడియం దగ్గరకొచ్చేసరికి పొటాషియం మాయమయ్యేది.

పరీక్ష విశాఖపట్నంలో. చెవిదుద్దులతో సహా అన్నీ బయట పెట్టించి, అరచేతులు తిప్పి చూసి మరీ లోపలికి పంపారు. లెక్కలు చేసుకోవడానికి తలా ఒక చిన్న తెల్లపలక, పెన్ను ఇచ్చారు. ఇద్దరివీ పక్కపక్క కుర్చీలే గాని మధ్యలో, తలలు తప్ప బల్లలు కనిపించకుండా అడ్డుచెక్క ఉంది.

తెర మీద గడియారం మొదలైందో లేదో సంధ్యారాణి పలక మీదికి వంగింది. ఐదు నిమిషాలు తల ఎత్తలేదు. మొదటి ప్రశ్నైనా చదవకుండా ఏం రాస్తోందో రోజాకి అంతుపట్టలేదు.

మధ్యాహ్నానికి ఫలితం తెలిసింది. సంధ్యారాణి పాసైంది. రోజా తప్పింది.

తిరుగు బస్సు సబ్బవరం దాటాక రోజా అడిగింది. "మొదట్లో ఏటి రాసేవే అంతసేపు?"

"అంకెలన్నీనే. టెన్షన్‌లో మర్సిపోతానని బయవేసి, బుర్రలో ఉన్నప్పుడే దించేసేను."

రోజా కిటికీ వైపు తిరిగింది. మనసులో మాత్రం ఏదో రగిలింది. తెల్లారి నర్సుల గదిలో తోటి నర్సు దుర్గాదేవి, ల్యాబ్‌లో పనిచేసే దిలీప్ "ఎలగ రాసేవు?" అని అడగడంతో ఆ మంట మాటగా బయటపడింది.

"నాను ప్రతి జవాబూ బుర్రలోంచి తీసి రాసేను. ఆవిడ ముందే పలక మీద అన్నీ దించేసుకున్నాది. సూసి రాసినట్టు కాదేటి?"

సాయంత్రానికి మాటకి కాళ్లొచ్చాయి. సంధ్యారాణి చీటీ పట్టుకెళ్లి పాసైందని ఆయమ్మలు కూడా అనుకున్నారు.

అది విని సంధ్యారాణి పోట్లాడుతుందని రోజా అనుకుంది. ఆమె మాత్రం తన ఫోను తెచ్చి చూపించింది. "పరీక్షోళ్లకి మెయిల్ పెట్టేసేను. ఇలగ రాసుకున్నాను, తప్పయితే నా రిజల్టు కొట్టీమని. నువ్వన్నాక నాకూ అనుమానవొచ్చింది."

రోజా ఆ మెయిల్ రెండుసార్లు చదివింది. రద్దు చేస్తే? ఆ రాత్రంతా అదే ఆలోచన.

మూడోరోజు, సంధ్యారాణి చెప్పగా సంగతంతా విన్న పెద్ద నర్సు కామాక్షమ్మ రోజాని పిలిచింది. ముప్పయ్యేళ్ల సర్వీసు ఆవిడది.

"ఒసే గుంటా, పేషెంటు బీపీ సూసి బుర్రలో ఎట్టుకుంటావా, సార్టు మీద రాస్తావా?"

"రాస్తాను సిస్టర్."

"గుర్తున్నాది కదా అని రాయడం మానేస్తే నాను ఊరుకుంటానా? తనకి తెలిసింది, ఆళ్లిచ్చిన పలక మీద, పరీక్ష మొదలయ్యేకే రాసుకున్నాది. అది కాపీ ఎలగవుద్దో నాకు తెలీదు. అయినా నాకోటి సెప్పు. ఆ పిల్ల నీకు బస్సులో సెప్పకముందే నువ్వు పలక సూసేవా? మద్దిన అడ్డున్నాదంట కదా?"

రోజాకి పరీక్షగది కళ్లముందుకొచ్చింది. ఇరవయ్యో ప్రశ్నో, ఇరవై ఒకటో. పొటాషియం ఐదు దాటితే ఎక్కువా, ఆరు దాటితేనా? ఆరు నెలలు సంధ్యారాణికి తనే అప్పజెప్పించిన అంకె ఆ నిమిషంలో చెరిపేసినట్టు పోయింది. కుర్చీ వెనక్కి జరిపింది. అడ్డుచెక్క పక్కనుంచి సంధ్యారాణి పలక కనిపించింది. మూడున్నర నుంచి ఐదు. జవాబు పెట్టేసి, ఆ సంగతి తనకి తనే చెప్పుకోకుండా ఇన్నాళ్లూ దాచుకుంది.

జవాబు చెప్పకుండానే బయటికొచ్చింది. ఏడవలేదు. నేరుగా నర్సుల గదికి వెళ్లింది. దుర్గాదేవి, దిలీప్, సంధ్యారాణి అక్కడే ఉన్నారు.

"సంద్య కాపీ కొట్టలేదు," అంది. "నానే కొట్టేను. దాని పలకలోకి సూసి ఒక జవాబు పెట్టేను."

సంధ్యారాణి చేతిలోని సెలైన్ సీసా బల్ల మీద పెట్టింది.

"ఏ అంకె సూసేవే?"

"పొటాషియం."

"సరిగ్గానే రాసేనా?"

"సరిగ్గానే రాసేవు."

సంధ్యారాణి సీసా తీసుకుని వార్డులోకి వెళ్లిపోయింది.

రెండురోజుల తర్వాత మెయిల్‌కి జవాబొచ్చింది. పరీక్ష మొదలయ్యాక, ఇచ్చిన పలక మీద జ్ఞాపకంలో ఉన్నది రాసుకోవడంలో తప్పు లేదు, ఫలితం అలాగే ఉంటుందని రాశారు. ఆ కబురు రోజాకి దిలీప్ చెప్పాడు. సంధ్యారాణి చెప్పలేదు. తర్వాత రెండు నెలలూ ఇద్దరి మధ్యా మందుల మాటలు, మంచాల నంబర్లు తప్ప ఇంకో మాట లేదు. కోపం తెచ్చుకునే హక్కు తనకి లేదని రోజాకి తెలుసు.

మస్కట్ వెళ్లేముందు ఆఖరి డ్యూటీనాడు సంధ్యారాణి తన పేషెంట్లని రోజాకే అప్పజెప్పింది. ఒక్కొక్క మంచం దగ్గరా ఆగి, ఎవరికి ఏ మందు ఎప్పుడివ్వాలో చెప్పింది. చివరి మంచం దగ్గర గొంతు తగ్గించింది.

"నీ మీద కోపం పోలేదే రోజా. పోద్దనుకుంటన్నాను. ఫోను మాత్రం సెయ్యి."

"సేస్తాను," అంది రోజా. ఇంకా ఏదో అనబోయేంతలో ఆ మంచం మీది ముసలాయన మంచినీళ్లడిగాడు. గ్లాసు కోసం ఇద్దరూ ఒక్కసారే చెయ్యి చాపారు.