ఉన్నదాంట్ల ఖుషీ

మిల్లుల సమ్మె మొదలై ఏడాదిన్నర దాటింది. తుకారాం మాత్రం సుఖంగానే ఉన్నాడు. కామాటిపుర పదో గల్లీలో, మిల్లు కూలీలుండే చాల్‌లో, బనీనుతో వరండాలో కూర్చుని, "ఉన్నదాంట్ల ఖుషీగ ఉండాలె. జొన్న గట్క, మిరపకాయ తొక్కు. ఇంకేం గావాలె?" అని వచ్చేపోయేవాళ్ళకు బోధ చేసేవాడు. సాయంత్రమైతే తాళాలు పట్టుకుని భజనకు వెళ్ళేవాడు. ఆ జొన్నలు ఎక్కణ్ణించి వస్తున్నాయో అడిగే తీరిక మహానుభావుడికి లేదు.

గ్రాంట్ రోడ్డులో ఒక సేటు ఇంట్లో గిన్నెలు తోముతున్నానని భార్య రత్నాబాయి చెప్పింది. అది అబద్ధం. పాలమూరు కూలీలతో కలిసి, రెండు గల్లీల అవతల లేస్తున్న మేడకు ఇటుకలు మోస్తోంది. సమ్మె మొదట్లో "నువ్వు కూలికన్న పోరాదా" అని ఆమె అన్నందుకు తుకారాం రెండు రోజులు అన్నం ముట్టలేదు మరి.

"మా తాత తట్ట మోసిండు, మా నాయిన మోసిండు. నేను మిల్లు మనిషిని. మా ఇంట్ల ఇగ ఎవ్వరు తట్ట మొయ్యరు."

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. అయినా ఆ పౌరుషమంటే రత్నాబాయికి లోలోపల గౌరవమే. తన సంగతి తెలిసిననాడు ఆ తట్ట ఆయనే ఎత్తుకుంటాడని ఆమె నమ్మకం. చెప్పే ధైర్యమే చాలడం లేదు.

ఆ రోజు మూడో అంతస్తుకు ఎక్కుతుంటే కాలు జారింది. తోటి కూలి బాలమ్మ పట్టుకుంది గానీ మోకాలు చిట్లింది.

"ఇగ దాపెట్టకు అక్కా. మీ ఆయనకు చెప్పు," అంది బాలమ్మ.

చెప్పేయాలనే నిశ్చయంతో ఇంటికొచ్చి గట్క వడ్డించింది. తుకారాం లొట్టలేస్తూ తిని, పక్కింటి బుచ్చన్నకు వినపడేలా, "బంగ్లాలల్ల ఉన్నోళ్ళకు గూడ ఇంత సుఖముండదు," అన్నాడు. రత్నాబాయి నోరు విప్పబోయింది. అంతలో అతని చూపు ఆమె మోకాలి మీద పడింది. గొంతు తగ్గించాడు.

"మేస్త్రికి చెప్పి కింద పని అడుగు. ఇసుక జల్లెడ పట్టేదన్న సరే. పైకి ఎక్కకు, మోకాళ్ళు పోతయ్."

"నీకెట్ల తెలుసు?"

"హోలీ కాడికెల్లి సూస్తనే ఉన్న. పొద్దుగాల తిరగవోయినప్పుడు కనవడ్తవు గద."

రత్నాబాయికి ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది.

"ఇంకింత గట్క ఎయ్యి," అన్నాడు తుకారాం పళ్ళెం జరుపుతూ.

"లేదు," అంది. గిన్నెలో ఉన్నదంతా అతని కళ్ళ ముందే తన పళ్ళెంలో వేసుకుంది. ఆ ఏడాదిన్నరలో ఆమె కడుపునిండా తినడం అదే మొదటిసారి.