కుప్పం లాడ్జి చేపలతొట్టి

బామ్మర్ది హనుమంతు ఆరోజు నోరు తెరవకుండా బైరెడ్డిపల్లె బస్సెక్కి ఉంటే, ఈశ్వరప్ప పేరు కుప్పంలో నిలబడి ఉండేది. ఈ మాట ఈశ్వరప్పే చెప్తాడు. అడిగినవాళ్ళకు చెప్తాడు, అడగనివాళ్ళకూ చెప్తాడు.

మదనపల్లెలో ఆయనది పటాలకు అద్దాలు కట్టే అంగడి. అయిదో తరగతిలో బడి మాని, నాయన వెంబడి గొర్రెల మంద కాడ ఆరేండ్లు తిరిగి, ఆ తర్వాత అద్దం కోసేది నేర్చుకున్నాడు. మిగిలిన ముక్కలతో చేపలతొట్లు అతికించి అమ్మడం రెండువేల సంవత్సరం ప్రాంతంలో మొదలుపెట్టినాడు. అంగడి ముందర రెండడుగుల తొట్టి ఒకటి ఉండేది. అందులో బెంగళూరు నుంచి తెచ్చిన ఏంజెల్ చేపలు పదకొండు, ఇసుకలో గుచ్చిన ప్లాస్టిక్ మొక్కలు, బుడగలు వదిలే గాలి మోటారు.

కుప్పంలో కొత్త లాడ్జి కడుతున్న భీమరావు ఆ తొట్టిని చూసి ఆగినాడు. లాడ్జి హాల్లోకి నాలుగడుగులది కావాలన్నాడు. అది కుదిరితే భోజనాల గదికి ఇంకొకటి, తనకు తెలిసిన ఆసుపత్రులకు మరి రెండు చెప్పిస్తానన్నాడు. ఒకటే షరతు. ప్లాస్టిక్ కూడదు, ప్రాణమున్న మొక్కలే ఉండాల. ముందు ఈ చిన్న తొట్టిలో మార్చి చూపించు, నెలకు వస్తా, మొక్కలూ చేపలూ రెండూ బతికుంటే ఆర్డరు నీదే అని చెప్పిపోయినాడు.

ఈశ్వరప్పకు అప్పటికి నలభై మూడేండ్లు. దేవుళ్ళకూ చచ్చిపోయినవాళ్ళకూ అద్దాలు బిగించి బిగించి విసిగి ఉన్నాడు. ఈ పని దొరికితే అంగడి బోర్డే మార్చేయాలనుకున్నాడు. దొరకదనే తలంపు రాలేదు గనక, నాలుగడుగుల తొట్టికి మందం అద్దం ఆ వారమే తెప్పించి కొలతకు కోసిపెట్టినాడు.

మొక్కలకు పుంగనూరు పోయినాడు. ఆడ చెరువు తూము కాడ నీళ్ళలోనే పెరిగే పొడుగాకు గడ్డి ఉంటుంది. ఎనుములు మేసే గడ్డి, దానికి ఎవరూ పేరు పెట్టలేదు. నడుం లోతు దిగి వేర్లతో పెరికి, తడి గోనెలో చుట్టి బస్సులో తెచ్చి, ఉప్పునీళ్ళలో కడిగి, ప్లాస్టిక్‌వి పీకేసి ఇసుకలో నాటినాడు. వారం బాగున్నాయి. తర్వాత కొసలు పసుపుబారి, ఆకు పలచబడి, వేలు తగిలితే తెగేదాకా వచ్చింది.

ఆ దినమే హనుమంతు బైరెడ్డిపల్లె నుంచి టమోటాలు తెచ్చి మార్కెట్లో దించి, అక్కను చూసిపోదామని వచ్చినాడు. వచ్చినవాడు అంగడి ముందర నిలబడి తొట్టిలోకి వంగినాడు.

"ఉత్త ఇసకలో ఏం తిని బతుకుతాది బావా? అడుగున పిడికెడు పాత గొర్రెపెంట ఏయి. మళ్ళా సూడు."

పిడికెడు అన్న మాట ఈశ్వరప్పకు గుచ్చుకుంది. మంద కాడ పెరిగినవాడికి, నిన్నగాక మొన్న సేద్యానికి దిగినవాడు పెంట కొలత చెప్పడమా. పెంట చాలక చెడిన పైరును చూసినాడు గానీ, ఎక్కువై చెడినదాన్ని ఆయన చూడలేదు. రామసముద్రం దోవలో మంద దిగిన చేని నుంచి గంపెడు తెప్పించినాడు. అది పాతదా కొత్తదా అని అడగలేదు. తొట్టి అడుగున నాలుగు వేళ్ళ మందం పరిచి, టమోటా నారుమడి మాదిరి చేత్తో అదిమి, పైన ఇసుక కప్పి గడ్డి నాటినాడు. సాయంత్రానికే చేపలను వదిలినాడు.

గడ్డి తిరుక్కుంది. వారానికి కొత్త ఆకులు లేచి నీళ్ళపైకి వంగినాయి. దోవన పోయేవాళ్ళు నిలబడి చూసినారు. చేపలు పైకొచ్చి మూతులు నీళ్ళకు ఆనించి గుటకలు వేస్తుంటే, ఆకలి పెరిగిందనుకొని మేత రెండింతలు చేసినాడు. క్యారియరు తెచ్చిన పెండ్లాం ఎల్లమ్మ, నీళ్ళు కంపు కొడతాండాయని చెప్పింది. సేద్యం ఎరిగినవాళ్ళు దాన్ని కంపు అనరని ఈశ్వరప్ప అన్నాడు.

మొదట రెండు తేలినాయి. మరుసటి దినం నాలుగు. అప్పుడు భయపడి నీళ్ళన్నీ తోడేసి కొళాయి నీళ్ళు నింపినాడు, బ్లీచింగ్ వాసన పోయేదాకా కూడా ఉండలేదు. మిగిలిన అయిదూ మధ్యాహ్నానికి పోయినాయి.

భీమరావు వచ్చేదానికి ఇంక రెండు దినాలే ఉంది. పెంట తీస్తే గడ్డి వాడిపోతుంది, గడ్డి వాడితే ఆర్డరు పోతుంది. పెంటను అట్లే పెట్టి, బెంగళూరు పోయి ఇంకో ఆరు చేపలు తెచ్చి వదిలినాడు. అవి ఒక్క దినం ఉన్నాయి.

భీమరావు చెప్పిన దినానికే వచ్చినాడు. వంగి, ఆ కొసనుంచి ఈ కొసదాకా చూసినాడు.

"మొక్కలు బాగుండాయి ఈశ్వరప్పా. చేపలు యాడ?"

బెంగళూరు నుంచి వస్తాండాయని ఈశ్వరప్ప చెప్పినాడు. భీమరావు నీళ్ళలో వేలు ముంచి ముక్కు కాడ పెట్టుకున్నాడు. జేబుగుడ్డ తీసి ఆ వేలు నిదానంగా తుడుచుకున్నాడు.

"గొర్రెల దొడ్డి మాదిరి ఉండాది. నా లాడ్జిలో మనుషులు అన్నం తినాలప్పా."

అంతే అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ నెలలోనే బెంగళూరు మనిషెవరో వచ్చి లాడ్జిలో తొట్టి పెట్టిపోయినాడని తెలిసింది.

హనుమంతు గడప తొక్కకూడదని ఈశ్వరప్ప ఇంట్లో చెప్పేసినాడు. ఎల్లమ్మ ఏడవలేదు, అరవలేదు. కంచం ముందర పెట్టి నిలబడింది.

"నా తమ్ముడు పిడికెడన్నాడు. గంప పోసింది నువ్వు."

ఆయన సంగటి ముద్ద పిసుకుతా కూర్చున్నాడు. హనుమంతుతో మాట్లాడి ఇప్పటికి ఆరేండ్లయింది. కోసిన మందం అద్దం పటాలకు పట్టదు, అంత కొలత తొట్టి మళ్ళా ఎవరూ అడగలేదు. ఆ అద్దం, చేపలు, బస్సులు అన్నీ కలిపి ఆయనకు పోయింది నాలుగువేల ఆరువందల నలభై రూపాయలు.