కునియో వాటా

ఏడాదిగా కునియో ఒకే మాట పడుతున్నాడు, చేతికి అందిన ఎలుగును వదిలేశాడని. నిజానికి అతని తప్పల్లా పెద్దల మాట వినడమే. ఎలుగు కనబడగానే కాల్చకూడదు. పది ఊపిర్లు ఆగి దాని వెనక పొదలూ, పక్క చెట్ల కొమ్మలూ చూడాలి. పిల్లల తల్లి అయితే తుపాకీ దించెయ్యాలి. కిందటి వసంతంలో కునియో బుద్ధిగా పది ఆగేసరికి ఎలుగు గట్టు దాటిపోయింది. దాని వెనక పిల్లలూ లేవు, పాడూ లేదు.

"మా బావ ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు," అనేవాడు బావమరిది హచిరో. పెళ్ళిలోనూ అదే, చావింట్లోనూ అదే. అందరూ నవ్వేవారు. కునియో కూడా నవ్వేవాడు, ఇంటికెళ్ళి అన్నం సయించక లేచిపోయేవాడు.

ఈ వసంతం మళ్ళీ అకితా కొండల్లో మంచు మెత్తబడింది. తాతలనాటి నుంచి ఎలుగుల్ని వేటాడే మతాగి వేటగాళ్ళు, ఊళ్ళో మిగిలిన ఐదుగురూ బయల్దేరారు. వాళ్ళకు పెద్ద కునియో మామగారు తొమెకిచి. ఆయన అల్లుణ్ణే లోయ పైకొసన కాపు పెట్టాడు. మిగతావాళ్ళు కింది నుంచి కేకలేస్తూ ఎలుగును పైకి తోలారు.

అది మంచు మీద నల్లగా, తీరిగ్గా ఎక్కి వచ్చింది. ఒకటి, రెండు, మూడు. అంతలో చెవిలో హచిరో నవ్వు వినిపించింది. కునియో కాల్చేశాడు.

"దగ్గరికి పోకు!" కింది నుంచి మామ అరిచాడు. "తుపాకీ దించకు. కాసేపు చూడు. కదలకపోతే వెనక నుంచి వెళ్ళి కర్ర కంటికి తాకించు."

కునియో కర్ర తాకించాడు. రెప్ప ఆడలేదు. హచిరో రొప్పుతూ వచ్చి కావలించుకున్నాడు. "ఈసారి లెక్కలు మర్చిపోయావా బావా!" ఆ మాటకు కునియో మనసారా నవ్వాడు.

తొమెకిచి కత్తి అల్లుడి చేతిలో పెట్టాడు. "గడ్డం కింద మొదలెట్టు. కత్తి పైపైన పోనియ్యి, పేగు తెగిందంటే మాంసం పాడవుద్ది. పిత్తం తిత్తి మెడ దారంతో బిగించి కట్టాకే కొయ్యాలి. ముందు తోలు ఊడదియ్యి. ఆ కొవ్వు కింద వేడి దిగదు, ఆలస్యం చేస్తే కుళ్ళుద్ది." చెప్పి, పుల్లలు ఏరుతున్న మిగతావాళ్ళ వైపు తిరిగాడు.

రొమ్ము దగ్గర తోలు లాగుతుంటే కునియో వేళ్ళకు తెల్లగా, వెచ్చగా తగిలింది. పాలు.

ఎవరూ చూడలేదు. గుప్పెడు మంచు తీసుకుని తుడిచేస్తే చాలు. తీసుకున్నాడు కూడా. ఏడాది అవమానం తీరి గంట కాలేదు. ఇప్పుడు నోరు విప్పితే బతికినన్నాళ్ళూ అదే మాట. విప్పకపోతే ఎవరికీ తెలియదు. ఏ బొరియలోనో ఉన్న పిల్లలకు మాత్రం మూడు రోజులు తెలుస్తుంది. ఆ తర్వాత వాటికీ తెలియదు. చేతిలో మంచు కరిగిపోయింది.

"మామయ్యా."

"ఏంటి?"

"పాలున్నాయి."

హచిరో మొహంలో నవ్వు ఆరిపోయింది. ముసలాయన దగ్గరికొచ్చి చూశాడు.

"ఎన్ని ఆగావు?"

"మూడు."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని కునియోకు అనిపించింది. తోలు పూర్తిగా తీయించి, ఆనవాయితీ ప్రకారం దాన్ని తలా తోకా తారుమారు చేసి ఎలుగు మీద కప్పి, కొండ దేవతకు దణ్ణం పెట్టాడు. ఎప్పుడూ చెప్పే నాలుగు మాటలే చెప్పాడు కానీ వంచిన తల చాలాసేపు ఎత్తలేదు.

మాంసం ఐదు కుప్పలైంది. కాల్చినవాడైనా కేకలేసినవాడైనా వాటా ఒక్కటే. కునియో వెనక్కి జరిగాడు.

"నాకొద్దు మామయ్యా. మీరు నలుగురూ పంచుకోండి."

ముసలాయనకు అప్పుడొచ్చింది కోపం. "వద్దా? తప్పు మా నెత్తిన పడేసి చేతులు దులుపుకుందామనా? ఈ కొండ మీద ఎలుగును నేనొక్కణ్ణే కొట్టానని చెప్పుకున్న మగాడెవడ్రా? ఐదుగురం కొట్టాం. ఏడాది పొడుగునా నిన్ను దెప్పింది వీడు. వింటూ నవ్వింది నేను. ఎత్తుకో నీ వాటా. బాగా ఉడకబెట్టి, కూర్చుని తిను. తోలు కూడా నువ్వే మొయ్యి."

"బావా, నేను..." అన్నాడు హచిరో.

"తర్వాత," అన్నాడు కునియో.

ఎలుగు వచ్చిన అడుగుల జాడ పట్టుకుని వెనక్కి దిగారు. పెద్ద చెట్టు వేళ్ళ కింద బొరియ. ఇరవై అడుగుల దూరంలోనే ఏడుపు వినిపించింది. ఉన్నది ఒక్కటే, పిల్లికూన కన్నా కాస్త పెద్దది. కునియో చెయ్యి పెడితే వేలు కొరికింది. దాన్ని కోటు లోపల పెట్టుకున్నాడు.

"ఇంట్లో మేకపాలున్నాయిగా, మా అమ్మాయి పట్టిస్తుంది. అడివి కచేరీవాళ్ళతో నేను మాట్లాడతా," అన్నాడు మామ.

దిగుతున్నంతసేపూ అది గోళ్ళతో రక్కుతూ ఏడుస్తూనే ఉంది. కునియో ఎంత జోకొట్టినా ఊరుకోలేదు. పెనుగులాడి పెనుగులాడి కోటు మెడలోంచి తల బయటపెట్టింది. అతని భుజం మీద మడిచి వేసిన తోలుకు దాని ముక్కు తగిలింది. వాసన చూసింది. ఏడుపు ఆపేసింది. మూతి ఆ బొచ్చులోకి దూర్చి, కాసేపు వెతుక్కుని, కళ్ళు మూసుకుంది.

కునియోకు ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేక అలాగే నడిచాడు.

వెనక నుంచి హచిరో మెల్లగా అన్నాడు. "బరువుగా ఉంటే ఆ తోలు ఇలా ఇవ్వు బావా, నేను మోస్తా."

"వద్దు," అన్నాడు కునియో. "పడుకుంది."