నిద్రపోనియ్యనోడు

"ఎడమ చేత్తోని కడిగిన బియ్యం దేవునికెట్ల పెడ్తం?" అన్నది అత్తమ్మ, వంటింటి గడపల నిలబడి. నేను నీళ్ళు ఒంపుకుంటనే ఉన్న. నా కుడిచెయ్యి మోచేతి కిందికెళ్ళి చచ్చుబడ్డది. లారీ గుద్దినకాడికెళ్ళి ఊరికే పక్కకు వేలాడుతది.

రెండు నెల్ల కింద, ఒకనాడు పొద్దున్నే నారాయణగూడ చౌరస్తాల అత్తమ్మ పూజకని నేను పూలు కొని ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే లారీ మీదికొచ్చింది. హారన్ లేదు, బ్రేకు చప్పుడు లేదు. తల తిప్పి చూస్తె అద్దం వెనుక డ్రైవరు నా దిక్కే చూస్తుండు. కండ్లు పెద్దగ తెరిచే ఉన్నయి. ఆ కండ్లల్ల మనిషి లేడు.

అప్పటిసంది ఆ చూపు నన్ను విడువలేదు. చిక్కడపల్లి మార్కెట్ల కూరలమ్మే ఆమె తలెత్తినా అవే కండ్లు. ఒకనాడు చాయ్ ఇయ్యబోతె మా ఆయన శ్రీపతి పేపర్ మీదికెళ్ళి నన్ను చూసిండు. అదే చూపు. నా చేతిలకెళ్ళి కప్పు జారింది. "ఉన్న ఒక్క చెయ్యన్న సక్కగ పనిచెయ్యదా?" అన్నడు. భయమైంది లారీని తలుచుకోని కాదు. ఈ చూపు ముంగట ఇన్నేండ్లు వండి వడ్డించిన గదా అని.

లారీ ఓనరు కిషన్ రావు మా ఆయన ఆఫీసరుకు దోస్తు. మిఠాయి డబ్బాతోని అశోక్‌నగర్‌ల మా ఇంటికే వచ్చిండు. ఆయన పోయినంక మా ఆయన మెల్లగ చెప్పిండు: "చూసుకోకుండ నువ్వే రోడ్డు మీదికి దిగిన్నని చెప్పు. దవాఖాన ఖర్చు ఆయన పెట్టుకుంటడు. కోర్టు నీకేమిస్తది? నౌకరి చేస్తున్నవా ఏమన్న?"

నేను తల ఊపిన. ఊపుడు అలవాటు.

తెల్లారి మధ్యాహ్నం ఒకామె తలుపు కొట్టింది. చేతులకు సిమెంటు అంటి ఉన్నది.

"నేను ఆ లారీ డ్రైవర్ కురుమయ్య పెండ్లాన్నమ్మ, మాసమ్మను. తిట్టుండ్రి, కని జర ఇనుండ్రి. నాగపూర్ నుంచి లోడు తెచ్చిండు. దిగి పండుకుంటనంటె ఓనరు ఇననేలేదు. మళ్ళ లోడెక్కించి తోలిండు. మాపటికి రాకుంటె ఇంకోన్ని పెట్టుకుంటనన్నడు. పోలీసోళ్ళు జమానతు మీద ఇడిస్తె ఇంటికొచ్చిండు గని, కండ్లు తెరుచుకోనే కూసుంటడమ్మా. పిలిస్తె పలకడు. పోరగాండ్లు దగ్గరికి పోతలేరు."

"నన్ను ఏం చెప్పమంటవ్?"

"మావోని తప్పు లేదంటలేను. నిద్రపోనియ్యనోన్ని ఎవ్వరడుగుతలేరు."

ఆమె పోయినంక చూస్తె పొయ్యి మీద పప్పు మాడింది. అట్లనే చెప్పులేసుకోని చిక్కడపల్లిల వకీలు సంయుక్త ఇంటికి పోయిన.

"ఫుట్‌పాత్ మీదున్న మనిషిది తప్పెట్లయితది సులోచన గారు?" అన్నదామె. "డ్రైవర్ తప్పుకు ఓనరు జవాబు చెప్పాలె. ఇన్సూరెన్సోళ్ళూ చెప్పాలె. నిద్ర లేనోన్ని తోలిండని సాక్ష్యముంటె వాళ్ళు తప్పించుకునుడు కష్టం. మీ ఇంటిపనికి కూడ విలువ కట్టుమందాం. జడ్జి ఒప్పుకుంటడో లేదో, అడుగుడు మన హక్కు."

కేసేసినం. సాక్ష్యం చెప్పే దినం కోర్టుల కురుమయ్య గోడ పక్కన నిలబడి ఉండె. రెప్ప కొడ్తలేడు. అయినా దగ్గరికి పోయిన. "కురుమయ్యన్నా" అన్న. చాన సేపటికి రెప్పలు కదిలినయి. నన్ను చూసిండు. ఈసారి నిజంగనే చూసిండు. నా చెయ్యి చూసి ఏడ్చిండు.

నేను బోనెక్కినంక ఓనరు వకీలు అడిగిండు: "మీరే రోడ్డు మీదికి దిగిండ్రు గదా?"

మా ఆయన తల ఊపుతుండు, ఊపుమన్నట్టు.

"లేదు," అన్న. "ఫుట్‌పాత్ మీదున్న. డ్రైవర్ కండ్లు తెరిచే నిద్రపోయిండు. పండుకోనియ్యనోడు అగో, మీ వెనుక కూసున్నడు."

తర్వాత మాసమ్మ అదే చెప్పింది. ఏడాదికి తీర్పు మా దిక్కొచ్చింది. ఇంటిపనిని కూడ లెక్కల పట్టిండ్రు, తక్కువనే గని.

సాక్ష్యం చెప్పిన ఆ రోజు మా ఆయన ఇంట్లకు రాంగనే, "అమ్మకు ఆకలైతుంది. అన్నం పెట్టు" అన్నడు.

"మీరు పెట్టుండ్రి," అన్న. "నేను పండుకుంట. లేపకుండ్రి."

పట్టపగలు అర్ర తలుపేసుకోని కండ్లు మూసుకున్న.