సైకిలోళ్లని ఆపరు

మా బావ దేవ్‌సింగ్ ఢిల్లీ నుంచి భద్రాచలం దాకా సైకిల్ తొక్కుతానన్న రోజు మా తండాలో నవ్వనివాళ్లు లేరు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఆఫ్రికాలో మలావి అనే దేశం ఉందట, అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ కట్టాలట, అందుకోసమట. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దలు ఊరికే అనలేదు. ఇక్కడ కారేపల్లి దగ్గర మా మిరపతోటకు బోరు ఎండి నేనేడుస్తుంటే ఆయనకు మలావి గుర్తొచ్చింది.

అంత నవ్వినవాణ్ని, చివరికి ఆయన సైకిల్ వెనకాల బొలెరో తోలుకుంటూ ఢిల్లీ నుంచి వచ్చింది కూడా నేనే. నా భార్య బాలి ఆయనకు స్వయానా చెల్లెలు. అన్న ఎండలో ఒక్కడే పోతుంటే తాను ఇంట్లో కూర్చోనంది. ఆమె బండెక్కాక నేను ఎక్కకుండా ఉంటానా? దారి పొడవునా రొట్టెలు చేసి పెట్టింది, ఆయన కాళ్లకు నూనె రాసింది, ఖాళీ దొరికినప్పుడల్లా నన్ను తిట్టింది.

బావ లెక్కల సారు. మలావిలో సముద్రమంత సరస్సు ఒడ్డున బడిలో కొన్నేళ్లు చెప్పి వచ్చాడు. ఆ చుట్టుపక్కల పైతరగతుల బడి ఒక్కటే ఉందట. దూరపు ఊళ్ల ఆడపిల్లలు రోజూ నడిచి రాలేక మానేస్తారట. ఈయన అందరినీ అడిగి హాస్టల్‌కి గోడలు లేపించాడు. పైకప్పు మిగిలింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ పైకప్పు మేం వేయిస్తామంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు ఒక షరతు పెట్టింది. ఢిల్లీ నుంచి భద్రాచలం గోదావరి వంతెన దాకా ఆయనే తొక్కాలి, ఒక్క ఊరు దూరం కూడా బండెక్కకూడదు, మధ్యలో ఆగిపోతే ఏమీ ఇవ్వరు. ఆయన చేతికి కట్టిన గడియారం ప్రతి మలుపూ వాళ్లకు చెబుతుంటుంది.

నాగపూర్ దాటాక ఒక టీ కొట్టు దగ్గర ఉండబట్టలేక అడిగాను.

"బావా, మన దగ్గర పిల్లలు లేరా? గంత దూరం పోయి గాళ్లకే ఎందుకు?"

ఆయన టీ ఊదుకుంటూ బాలి వైపు చూశాడు. ఆమె కొళాయి దగ్గర గిన్నెలు తోముతోంది.

"నాకు హాస్టల్ల సీటొచ్చింది కోటేషూ. గా యేడు ఆడపిల్లల హాస్టల్ మన దిక్కు లేకుండె. బాలి నాకంటే జల్దీ లెక్కలు చేసేది, తెలుసా నీకు? నాయిన మేకలెంట తోలిండు. నేను పెట్టె పట్టుకొని పోయిన."

నా పెళ్లాం లెక్కలు చేసేదని పెళ్లయిన ఇన్నేళ్లకు నాకు తెలిసింది. ఇంకో టీ చెప్పాను.

రోజూ పొద్దుగూకే వేళ మలావి నుంచి వీడియో ఫోను వచ్చేది. చిసోమో అనే పిల్ల, బడి పెద్ద టీచరమ్మ ఫోనులోంచి మాట్లాడేది. "టీచర్, ఇవాళ ఏ ఊరు?" అదే మొదటి ప్రశ్న. ఆ పిల్లకు పైతరగతిలో సీటొచ్చింది. అక్కడ పిల్లల సంగతి మేనమామ తేలుస్తాడట. సెప్టెంబరుకు హాస్టల్ తయారైతే చదువు, లేకపోతే పెళ్లి అని ఆ మామ చెప్పేశాడు. వరుడు కూడా సిద్ధంగా ఉన్నాడు. ఈ సంగతి తెలిశాక నేను నవ్వడం మానేశాను.

బాలికి ఇంగ్లీషు రాదు, ఆ పిల్లకు మన మాట రాదు. అయినా ఇద్దరూ ఫోనులో చాలాసేపు ఉండేవాళ్లు. ఈమె రొట్టె చూపించేది, ఆ పిల్ల మక్కపిండి గట్క చూపించేది. ఈమె తన జడ చూపిస్తే ఆ పిల్ల పొట్టి జుట్టు పట్టుకుని నవ్వేది. ఫోను పెట్టేశాక బాలి, "గా పిల్ల చేతులు చూసినవా? పని చేసి చేసి గట్టిపడ్డయి," అనేది.

చివరి రోజు ఏటూరునాగారం నుంచి పొద్దున్నే బయల్దేరాం. సాయంత్రానికి గోదావరి వంతెన. బావ ముఖంలో పెళ్లికొడుకు కళ వచ్చింది. మణుగూరు దాకా అడవి దారి. విత్తనాలకు ముందు వచ్చే రోజులు కాబట్టి కోయగూడేల్లో భూమి పండుగ నడుస్తోంది. మగవాళ్లు విల్లంబులతో అడవికి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకడ్డంగా తాడు పట్టి వచ్చే పోయే బండ్లను ఆపుతారు. తోచింది ఇస్తే తాడు దించి, ఒక పాట పాడి పంపిస్తారు. ఎన్నో యేళ్లుగా ఉన్న ఆచారమే, ఆ దారిన బండి తోలే ఎవరికైనా తెలుసు. ఢిల్లీ నుంచి ఇన్ని టోల్ గేట్లు దాటాను, నవ్వుతూ ఆపినవాళ్లు వీళ్లే.

మొదటి రెండు తాళ్ల దగ్గర మమ్మల్ని ఆపారు, బావను ఆపలేదు. చేత్తో "పో, పో" అన్నారు. రెండు చోట్లా ఎత్తు ఎక్కే దారి. ఆయన మెల్లగా వచ్చి, తల వంచుకుని తాడు కింద నుంచి దూరిపోయాడు. ఆడవాళ్లు నవ్వారు, ఆయనా నవ్వాడు.

మూడో తాడు దిగుడు దారిలో, మలుపు తిరగగానే ఉంది. మేం రెండో తాడు దగ్గరే ఉన్నాం, బాలి కిటికీలోంచి ఇవ్వాల్సింది ఇస్తోంది. బండి తీసుకుని మలుపు తిరిగేసరికి రోడ్డు మీద జనం గుమిగూడి ఉన్నారు. సైకిల్ ఒక పక్క, బావ ఒక పక్క. కుడికాలు ఉండాల్సిన తీరులో లేదు. హెల్మెట్ పగిలింది. ఆ మనిషి ఏడవలేదు. గడియారం వంక చూసుకుంటున్నాడు.

తాడు కొస పట్టుకున్న ముసలమ్మ గంగక్క అట.  నేను నోటికొచ్చిందల్లా అన్నాను. కళ్లు లేవా అన్నాను, తాడు దించితే మీ సొమ్మేం పోయిందన్నాను. ఆమె అంతా విని మెల్లగా చెప్పింది.

"సైకిలోళ్లని మేం ఆపం బిడ్డా. సైకిల్ మీద వచ్చేటోడు మా లెక్కనే లేనోడాయె, గాయన్నేం అడుగుతం? పో నాయినా అని చెయ్యి ఊపిన. మావోళ్లయితే దిగి, తల వంచి పోతరు. గీయన గంత జోరుగ వస్తడని నాకేం ఎరుక?"

నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెయ్యి ఊపారంటే తాడు దించుతారనుకున్నాడు బావ. సైకిల్ కదా, వంగి పోతాడనుకుంది ఆమె. ఆయన సైకిల్ మా ఊరి సైకిల్ కాదు. బూట్లు పెడల్‌కి బిగించి ఉంటాయి, కాలు కింద పెట్టాలంటే మడమ తిప్పి విడిపించుకోవాలి. దిగుడులో అంత వ్యవధి ఎక్కడిది?

"నన్ను లేపి ఎక్కియ్యి కోటేషూ," అన్నాడు బావ.

నేనూ బాలీ చెరో రెక్క పట్టి లేపాం. కాలు పెడల్‌కి తగలగానే కళ్లు తేలేశాడు. నీళ్లు చల్లితే లేచి మళ్లీ అదే మాట. రెండోసారి నేను లేపలేదు.

"బావా, గడియారం నాకియ్యి. నేను కట్టుకొని తొక్కుత. ఎవరు చూసిండ్రు? వంతెన దాకా నేను పోత."

"వద్దు."

"గా పిల్ల బతుకు, బావా."

"నేను లెక్కల సారును. గా పిల్లలకు ఏం చెప్పిన్నో నీకు తెల్వదు. తప్పు లెక్కకు కరెక్ట్ జవాబు రాసుకోవద్దని చెప్పిన."

జీవితంలో మొదటిసారి ఆయన్ని కొట్టాలనిపించింది. విరిగిన కాలున్న మనిషిని కొట్టలేక పక్కకు పోయి కంపెనీకి ఫోను చేశాను. ఒకమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. సారు జల్దీ కోలుకోవాలంది. వచ్చే యేడు మళ్లీ ప్రయత్నించమంది. వచ్చే యేడు ఆ పిల్ల చంకలో బిడ్డ ఉంటుందమ్మా అన్నాను.  రూల్స్ తన చేతిలో లేవంది ఆమె.

బావను బొలెరో వెనక సీటులో పడుకోబెట్టాం. గూడెం ఆడవాళ్లు వెదురుబద్దలు తెచ్చి కాలు కదలకుండా కట్టారు. గంగక్క పొద్దుట్నించి పోగైనదంతా కొంగులో మూట కట్టి బాలి చేతిలో పెట్టబోయింది.

"దవాఖానల పనికొస్తది, పట్టు బిడ్డా."

"వద్దవ్వా. మీ పండుగ మీరు చేసుకోండ్రి."

"ఇంక పండుగేందమ్మా," అని ఆమె చెట్టుకు కట్టిన తాడు విప్పి చుట్ట చుట్టింది. బండి కదిలేదాకా ఆ చుట్ట మీదే కూర్చుంది. ఆమె మీద అరిచిన మాటలు వెనక్కి తీసుకోకుండానే బండి తోలాను.

మణుగూరు దవాఖానలో ఒక సూది వేసి భద్రాచలం తీసుకుపొమ్మన్నారు. అందుకే సాయంత్రానికి మేం గోదావరి వంతెన మీదికే వచ్చాం, అనుకున్న వేళకే వచ్చాం. సైకిల్ బండి పైన కట్టి ఉంది. గడియారం ఆయన చేతికే ఉంది.

వంతెన మధ్యలో ఉండగా ఫోను మోగింది. బావ ఎత్తవద్దంటాడనుకున్నాను. ఎడమ చేత్తో తానే ఎత్తాడు. నేను బండి ఓ పక్కకు తీశాను.

"టీచర్, నది వచ్చిందా?"

"వచ్చింది," అని ఆయన ఫోను కిటికీ వైపు తిప్పాడు. ఎండాకాలపు గోదావరి ఇసుక మధ్య సన్నగా పారుతోంది.

"మరి మీరు కార్లో ఉన్నారేంటి?"

ఆయన దాచలేదు. పడ్డానని, కాలు విరిగిందని, పైకప్పు రాదని వరసగా చెప్పాడు. బోర్డు మీద లెక్క చెప్పినట్టే చెప్పాడు. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలకే అంతా అర్థమైంది.  అవతల పిల్ల, కాలు చాలా నొప్పిగా ఉందా అని అడిగింది. లేదన్నాడు. ఆ పిల్ల ఇంకో మాట అంది, బాలి కనబడితే చెయ్యి ఊపింది, ఎప్పటిలాగే నవ్వింది. ఫోను ఆగిపోయింది.

బావ ముఖం సీటు వైపు తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం నేను అద్దంలో చూశాను. రోడ్డు మీద పడ్డప్పుడు ఏడవని మనిషి.

బాలి ముందు సీటులోంచి తిరిగి, మా లంబాడీలో అడిగింది. "ఏమన్నది అన్నా, పిల్ల?"

బావ ముఖం తిప్పకుండానే చెప్పాడు.

"సరే టీచర్, అన్నది."

బాలి ముందుకు తిరిగి కూర్చుంది. నేను గేరు వేశాను. వంతెన అయిపోవస్తుండగా, ఎవరినీ చూడకుండా అంది.

"నాయిన మేకలెంట పొమ్మన్ననాడు నేను గూడ గట్లనే అన్న."